గద్వాల చీరల సైటు చేసే ముందు

చిరంజీవి సౌజన్యకు,

నల్లగొండ నుంచి నీ మేనత్త ఆశీస్సులు. గద్వాలలో చీరల దుకాణానికి సైటు చేసే పని ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన నమూనా చూశాను. శ్రద్ధగా చేశావు. అయితే అది దుకాణదారు చూసి మురిసిపోవడానికి చేసినట్టుంది, చీర కొనేవాళ్ల కోసం చేసినట్టు లేదు.

తెరవగానే కోట బురుజులు, మగ్గం, దీపాల వరస, ఒకదాని వెనుక ఒకటి జరిగిపోయే బొమ్మలు. చీర కనిపించాలంటే వేలితో రెండుసార్లు కిందికి జరపాలి, ధర కోసం ఇంకా వెతకాలి. ఆ కదిలే బొమ్మలు తీసెయ్. దుకాణదారు అలుగుతాడు, అలగనీ.

ఇక ముందు కంప్యూటర్ మూసి, ఒక పూట ఆ దుకాణంలో కూర్చో. ఫోను మోగినప్పుడల్లా అవతలివాళ్లు ఏమడుగుతున్నారో రాసుకో. ఒళ్లంతా పట్టా, నూలా? జరీ ఎలాంటిది? రవికె గుడ్డ ఉందా? ఇంట్లో ఉతకవచ్చా? పెళ్లి వచ్చే వారం, అప్పటికి అందుతుందా? ఈ ప్రశ్నలే నీ పేజీ. ఎక్కువమంది అడిగింది పైన, తక్కువమంది అడిగింది కింద. 'మా ఆశయాలు' అని ఒక పేజీ పెట్టావు చూడు, వాటి కోసం ఇంతవరకు ఎవరూ దుకాణానికి ఫోను చేసి ఉండరు.

గద్వాల చీర ప్రత్యేకతే నూలు ఒంటికి పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేయడం. ఆ కలిసేచోటును దగ్గరగా తీసిన ఫొటో ఒక్కటీ నీ నమూనాలో లేదు. అది తీయి. చీర వెనుకవైపూ తీయి. ట్యూబులైటు కింద కాదు, పగటిపూట నీడపట్టున తీయి. రంగు తేడా వచ్చిందని తిరిగొచ్చే చీరలు అప్పుడే తగ్గుతాయి. ఫొటోలను కెమెరాలో ఉన్నవి ఉన్నట్టే ఎక్కించకు, వెబ్‌పీ రూపంలోకి మార్చి బరువు తగ్గించు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. దాన్ని మీ ఇంటి వైఫైలో చూసుకుని సంతోషపడకు. తక్కువ ధర ఫోను ఒకటి పట్టుకుని మహబూబ్‌నగర్ నుంచి గద్వాల బస్సు ఎక్కి, దారిలో తెరిచి చూడు.

తెలుగు అక్షరాల సంగతి ఎవరూ పట్టించుకోరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. దుకాణదారు నీకు పాత కరపత్రం ఫైలు ఇస్తాడు. అది డీటీపీ వాళ్లు 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంటులో కొట్టింది అయితే, సైటులో అతికించగానే పిచ్చి గీతలు వస్తాయి. విసుగొచ్చి దాన్నే బొమ్మగా పెట్టేస్తారు చాలామంది. బొమ్మలోని మాటలు వెతికేవాళ్లకు సరిగా దొరకవు, చూపులేనివారికి ఫోను వాటిని సరిగా చదివి వినిపించలేకపోవచ్చు. ఏ ఫోనులోనైనా అక్షరాలుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించు. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ చోటు వదులు. మీగడ రంగు మీద బంగారు రంగు అక్షరాలు పెట్టావు, ఎండలో ఒక్క ముక్క చదవలేకపోయాను. మామూలు సైజు అక్షరానికీ వెనుక రంగుకీ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. కొలిచి చూసే ఉచిత సాధనాలు ఉన్నాయి.

కొనడానికి ఖాతా తెరవమని అడగకు. ఫోను నంబరు మీద వేలు పెడితే నేరుగా కాల్ వెళ్లాలి. ప్రతి చీర కింద వాట్సాప్ బటన్ పెట్టి, నొక్కగానే ఆ చీర నంబరు సందేశంలో దానంతట అదే పడేలా చెయ్. లేకపోతే 'ఆ ఎర్ర చీర' అని అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక దుకాణంలోని పిల్లవాడు తల పట్టుకుంటాడు.

అసలు చిక్కు ఆ పిల్లవాడి దగ్గరే ఉంది. చేనేతలో ఒకే రంగు, ఒకే అంచు చీరలు గుట్టలుగా ఉండవు. అమ్ముడైన చీర సైటులో అలాగే ఉంటే, డబ్బు కట్టినవాళ్లు తిట్టి వెళ్తారు, మళ్లీ రారు. 'అమ్ముడైంది' అన్న గుర్తును అతడు తన ఫోనులోంచే పెట్టగలగాలి. దాని కోసం నీకు ఫోను చేయాల్సి వచ్చిందంటే ఆ సైటు పండగ సీజను దాటదు.

పని అయ్యాక ఐదుగురికి చూపించు. ఐదుగురితోనే చాలా లోపాలు బయటపడతాయని సైట్లు జనానికి ఎంత వీలుగా ఉన్నాయో పరీక్షించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. నీ స్నేహితులను పిలవకు, వాళ్లు బాగుందనే అంటారు. మీ వీధిలోని టీచరమ్మ, మందుల దుకాణం ఆవిడ, ఇలాంటి వాళ్లకు ఫోను ఇచ్చి 'ఐదు వేల లోపు ఒక చీర ఎంచుకోండి' అని చెప్పి, నోరు మూసుకుని కూర్చో. ఎక్కడ వేలు ఆగిందో అక్కడే నీకు పని ఉంది.

మరో మాట. డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, దుకాణదారు పేరు మీదే కొను, పాస్‌వర్డులు కాగితం మీద రాసి అతని చేతికి ఇవ్వు. కొత్త ఫొటోలు పెట్టాక లింకు పంపు, నా పాత ఫోనులో తెరిచి చూస్తాను.

నీ మేనత్త