విండోసా, మ్యాకా, లినక్సా? ముందు మీ పని చెప్పండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది ఒక్కటే: "ఏ కంప్యూటర్ మంచిది?" నేను సర్వీస్ కౌంటర్‌లో కూర్చునే మనిషిని. కొన్న తర్వాత పని ఎక్కడ ఆగిపోతుందో మాకు రోజూ కనిపిస్తుంది. అందుకే ఎవరొచ్చినా ముందు రెండు విషయాలు అడుగుతాను. ఏ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే మీకు ఆ రోజు పని ఉండదు? కంప్యూటర్‌కు ఏమేం తగిలిస్తారు, అంటే ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, స్కానర్ లాంటివి? ఈ రెండూ వివరంగా రాసిన ఉత్తరాలకే ఈసారి జవాబులు. "మంచి ల్యాప్‌టాప్ చెప్పండి" అని ఒక్క లైను రాసినవారు దయచేసి ఈ వివరాలు చేర్చి మళ్లీ రాయండి.

ప్రశ్న: మాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్లు చేస్తాం. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఫొటోషాప్ వాడతాం. విండోస్ 7 సిస్టమ్ పూర్తిగా పాతబడింది. డిజైనింగ్‌కు మ్యాకే కరెక్ట్ అని అందరూ అంటున్నారు. అప్పు చేసైనా ఐమ్యాక్ కొందామనుకుంటున్నాను. మీ సలహా?
*– ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి*

జవాబు: అప్పు చేయకండి. ఇప్పుడు మీరు చేస్తున్న పనికి ఐమ్యాక్ పనికిరాదు.

"డిజైనింగ్‌కు మ్యాక్" అనే మాట ఊరికే పుట్టలేదు. 1985లో పేజ్‌మేకర్ మొదట వచ్చింది మ్యాకింటోష్ మీదే. విండోస్‌కు ఆ తర్వాత వచ్చింది. కానీ తెలుగు డీటీపీ మన ఊళ్లలో పెరిగింది విండోస్ మీద. మీ పాతికేళ్ల ఫైళ్లు, మీ వేళ్లకు అలవాటైన కీబోర్డు, మీ ప్రెస్సువాళ్ల అలవాట్లు అన్నీ అక్కడే ఉన్నాయి.

అసలు చిక్కు అను ఫాంట్ల దగ్గర. ఆ ఫాంటులో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిపెట్టారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు ఇంకోచోట. మీరు కీ నొక్కినప్పుడు స్క్రిప్ట్ మేనేజర్ అనే టైపింగ్ ప్రోగ్రాం ఆ ముక్కల్ని ఏరి పక్కపక్కన పేరుస్తుంది. ఫైలులో నిజానికి సేవ్ అయ్యేది తెలుగు కాదు, ఆ ఇంగ్లిష్ గుర్తుల వరుస. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో మీ శుభలేఖ తెరిస్తే వధూవరుల పేర్ల స్థానంలో అర్థంకాని గుర్తులు కనిపించేది అందుకే. మీ దగ్గరున్న స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ ప్రోగ్రాం, అది మ్యాక్‌లో నడవదు. పేజ్‌మేకర్ కూడా 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. దాని మ్యాక్ వెర్షన్ పాత ఓఎస్ 9 కోసం చేసింది కాబట్టి ఇప్పటి ఐమ్యాక్‌లో తెరుచుకోదు.

మీకు కావాల్సింది ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న విండోస్ డెస్క్‌టాప్. పేజ్‌మేకర్ విండోస్ 11 కోసం చేసింది కాదు కాబట్టి ఒక జాగ్రత్త పాటించండి. మీ సీడీ, ఒక ఎక్స్‌టర్నల్ సీడీ డ్రైవ్, ఓ పాత సావనీర్ ఫైలు పట్టుకుని షాపుకు వెళ్లండి. కొత్త సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేయించి, ఫైలు తెరిచి, నాలుగు లైన్లు టైప్ చేసి, పీడీఎఫ్ తీసి చూశాకే డబ్బు కట్టండి. దానికి ఒప్పుకోని షాపులో కొనకండి. పాత విండోస్ 7 సిస్టమ్‌ను అమ్మేయొద్దు. ఇంటర్నెట్ తీసేసి, పాత ఫైళ్ల కోసం ఓ మూల ఉంచుకోండి.

ఇంకో మాట, ఇది మీ షాపు మేలు కోరి చెబుతున్నాను. కొత్తగా వచ్చే పనుల్ని కొద్దికొద్దిగా అడోబ్ వారి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లోకి, యూనికోడ్ తెలుగులోకి (అంటే ఫైలులో తెలుగు తెలుగుగానే సేవ్ అయ్యే పద్ధతిలోకి) మార్చండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతున్నాయని చాలామంది ఫిర్యాదు చేస్తారు. పారాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో అడోబ్ వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను నేరుగా తెరవగలిగింది ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే. ఆ తర్వాతి వెర్షన్లు తెరవవు. కాబట్టి ముఖ్యమైన పాత పనులన్నిటికీ ఇప్పుడే పీడీఎఫ్‌లు తీసి పెట్టుకోండి. మీ పని మొత్తం యూనికోడ్‌లోకి వచ్చిన రోజున మ్యాక్ అయినా విండోస్ అయినా మీకు ఒకటే. అప్పుడు మ్యాక్ కొంటానంటే నేను సంతోషంగా సరే అంటాను.

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్‌లో చేరింది. స్నేహితురాళ్ల దగ్గర చూసి మ్యాక్‌బుక్ ఎయిర్ కావాలంటోంది. మ్యాక్‌లో ఆటోక్యాడ్ కూడా వస్తుందని చూపించింది. మా బావమరిది గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నాడు. బడ్జెట్ ఎనభై వేలు. ఇంట్లో రోజూ ఇదే చర్చ.
*– ఒక తండ్రి, కరీంనగర్*

జవాబు: అమ్మాయి చెప్పింది నిజమే, ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది. కానీ సివిల్ చదువు ఆటోక్యాడ్‌తో ఆగదు. భవనాల డిజైన్‌కు వాడే రెవిట్, స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్ వస్తాయి. ఇవి విండోస్ సాఫ్ట్‌వేర్లు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత మ్యాక్‌లలో బూట్ క్యాంప్‌తో విండోస్ కూడా వేసుకునేవాళ్లం. 2020 చివర్లో వచ్చిన ఎం1 చిప్ నుంచి ఆ దారి మూసుకుపోయింది. వర్చువల్‌గా విండోస్ నడిపే ప్రోగ్రాంలు ఉన్నాయి గానీ, ప్రాజెక్టు సబ్మిషన్ రేపనగా వాటిని నమ్ముకుని పిల్లను టెన్షన్‌లో పెట్టొద్దు. స్నేహితురాళ్లు సీఎస్ఈ అయితే వాళ్లకు మ్యాక్ చక్కగా సరిపోతుంది. సీ, పైథాన్, జావా ఎక్కడైనా నడుస్తాయి. బ్రాంచి వేరు కాబట్టి మెషీన్ కూడా వేరు. ఈ మాట అమ్మాయికి అలాగే చెప్పండి, అర్థం చేసుకుంటుంది.

అయితే ఆమె మ్యాక్‌బుక్‌లో చూసింది లోగో ఒక్కటే అనుకోవద్దు. తేలికగా ఉంటుంది, ఛార్జింగ్ రోజంతా వస్తుంది, ఫ్యాన్ చప్పుడు ఉండదు. హాస్టల్ నుంచి కాలేజీకి బ్యాగులో మోసేది ఆమే కదా. బావమరిదిగారు చెప్పిన గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కిలోల పైనే ఉంటుంది, ఆ ఛార్జర్ బరువు అదనం. మొదటి రెండేళ్లు అంత గ్రాఫిక్స్ అవసరం రాదు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, కిలోన్నర లోపు బరువు ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ చూడండి. ర్యామ్ తర్వాత పెంచుకునే స్లాటు ఉందో లేదో తప్పకుండా అడగండి. ఇప్పుడు షాపుల్లో స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా చూపిస్తున్నారు. బ్యాటరీ బాగా వస్తుంది, ఇంటర్నెట్‌కు, ఆఫీసు పనులకు మంచివే. మీ అమ్మాయి సాఫ్ట్‌వేర్ల కోసం మాత్రం ఇంటెల్ లేదా ఏఎండీ ఉన్నదే తీసుకోండి.

ఆటోక్యాడ్, రెవిట్ కోసం డబ్బు కట్టొద్దు, క్రాక్ వెర్షన్లు వేయించొద్దు. ఆటోడెస్క్ విద్యార్థులకు ఏడాది లైసెన్సు ఉచితంగా ఇస్తుంది. చదువుతున్నంత కాలం ఏటా రెన్యువల్ చేసుకోవచ్చు. కాలేజీ ఐడీ కార్డు ఉంటే చాలు.

ప్రశ్న: ట్యాక్స్ కన్సల్టెంట్‌ని. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, బిల్లులకు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ మ్యాక్‌బుక్ తెస్తానంటున్నాడు. ఆఫీసుకు పనికొస్తుందా?
*– ఒక పాఠకుడు, ఒంగోలు*

జవాబు: ఆఫీసుకు వద్దు. ట్యాలీప్రైమ్ విండోస్‌లోనే నడుస్తుంది. టోకెన్ డ్రైవర్లు, సంతకం చేసే యుటిలిటీలు కూడా ఇబ్బంది లేకుండా నడిచేది విండోస్‌లోనే. నెల ఇరవయ్యో తేదీన రిటర్ను వేస్తూ టోకెన్ కనబడకపోతే ఎలా ఉంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు.

అబ్బాయి ప్రేమగా తెస్తానన్నది కాదనొద్దు. ఇంట్లో వాడకానికి తెమ్మనండి. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా వెంట తెచ్చుకోవచ్చు. లేదంటే అదే డబ్బుతో మీ ఆఫీసుకు ఇక్కడే ఒక విండోస్ డెస్క్‌టాప్, మంచి యూపీఎస్ కొనిపెట్టమనండి. ఇక్కడ కొంటే బిల్లు మీ జీఎస్టీ నంబరు మీద వస్తుంది, సర్వీసు మీ ఊళ్లోనే దొరుకుతుంది.

ప్రశ్న: రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుణ్ని. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్ డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10కి ఇక సపోర్టు లేదంటున్నారు, విండోస్ 11 ఎక్కదంటున్నారు. నేను చేసేది యూనికోడ్‌లో తెలుగు టైపింగ్, ఈమెయిల్, మనవలతో వీడియో కాల్. దీన్ని పారేయాల్సిందేనా?
*– ఒక పాఠకుడు, నల్గొండ*

జవాబు: పారేయకండి మాస్టారూ. మీ పనికి ఆ మెషీన్ ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సాధారణ సపోర్టు ముగిసింది. అంటే కంప్యూటర్ ఆగిపోదు, భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయి. ఇంటివాడకందారులకు ఆ అప్‌డేట్ల గడువును 2026 అక్టోబర్ దాకా పొడిగించే పథకం ఒకటి మైక్రోసాఫ్ట్ పెట్టింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మీది ఆరో తరం కాబట్టి ఎక్కదు. దొడ్డిదారిన ఎక్కిస్తామనేవాళ్లు ఉంటారు, వద్దు.

మీకు నేను చెప్పేది లినక్స్ మింట్, విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్. ఉచితం. స్టార్ట్ మెనూ, కింద పట్టీ, ఫోల్డర్లు మీకు అలవాటైన పద్ధతిలోనే ఉంటాయి. 22వ వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దీన్ని ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. మీ హార్డ్‌డిస్క్‌లో ఏదీ చెరగదు. అలా నడిపించి మూడు పనులు చేసి చూడండి. ప్రింటర్‌లో ఒక పేజీ తీయండి, కెమెరా పెట్టి మనవడితో మాట్లాడండి, తెలుగులో ఒక పేరా కొట్టండి. మూడూ కుదిరితేనే ఇన్‌స్టాల్ చేయించండి.

తెలుగు టైపింగ్ గురించి బెంగ వద్దు. ఐబస్ అనే పద్ధతిలో ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ మూడు కీబోర్డులూ ఉన్నాయి. మీ చేతికి ఏది అలవాటైతే అది పెట్టుకోండి. పోతన, వేమన లాంటి యూనికోడ్ ఫాంట్లు ఇందులోనూ వేసుకోవచ్చు. వర్డ్ బదులు లిబ్రేఆఫీస్ వస్తుంది. మీ పాత వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయి, అక్కడక్కడ పేజీ అమరిక మారొచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్నారు. తెలుగు మాస్టారు లినక్స్‌లో రాస్తున్నారంటే నాకు చాలా సంతోషం.

రెండు ఖర్చులు మాత్రం పెట్టండి: ర్యామ్ 8 జీబీకి పెంచండి, హార్డ్‌డిస్క్ బదులు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఈ పని మొదలుపెట్టే ముందు మీ రాతలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్‌లో ఒక కాపీ పెట్టుకోండి. టెక్నీషియన్ "డేటాకేమీ కాదు సార్" అన్నా సరే.

ప్రశ్న: ఐఫోన్‌తో వంటల వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. ఫోన్‌లో ఎడిటింగ్ కష్టంగా ఉంది. ఇంట్లో కూర్చునే చేస్తాను, బయటికి తీసుకెళ్లను. మానిటర్, కీబోర్డు ఉన్నాయి. మ్యాక్ అంటే లక్ష దాటుతుందని భయం.
*– ఒక గృహిణి, రాజమహేంద్రవరం*

జవాబు: అమ్మా, ఈ నెల ఉత్తరాల్లో మ్యాక్ సరిగ్గా సరిపోయేది మీకే. లక్ష అక్కర్లేదు. మ్యాక్ మినీ చూడండి. ఎం4 చిప్, 16 జీబీ ర్యామ్‌తో 2024 చివర్లో వచ్చినప్పుడు మన దగ్గర ధర 59,900 రూపాయలు. మానిటర్, కీబోర్డు మీవే వాడుకోవచ్చు. ఫోన్‌లో తీసిన వీడియో వైరు లేకుండా ఎయిర్‌డ్రాప్‌తో వచ్చేస్తుంది. ఎడిటింగ్‌కు డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో మొదలుపెట్టండి. ఇది విండోస్‌లోనూ ఉంది కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు.

అందులో 256 జీబీ స్టోరేజీ వీడియోలకు చాలదు, యాపిల్ దగ్గర ఎక్కువ స్టోరేజీకి చాలా ఎక్కువ అడుగుతారు. బయట 1 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొని వీడియోలన్నీ దానిలోనే పెట్టుకోండి. దాన్ని మ్యాక్, విండోస్ రెండూ రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయించండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉంటే మ్యాక్ ఫైళ్లను చదువుతుంది గానీ రాయదు. ర్యామ్ మాత్రం తర్వాత పెంచుకునే వీల్లేదు, 16కి తగ్గకుండా తీసుకోండి. కొనే ముందు షోరూంలోనే టైటిల్ పెట్టే చోట "గుత్తి వంకాయ", "ఉల్లి కారం", "చేపల ఇగురు, రాజమండ్రి స్టైల్" అని టైప్ చేసి ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో చూడండి.

ల్యాప్‌టాప్‌లా దీనికి బ్యాటరీ ఉండదు. ఎడిటింగ్ మధ్యలో కరెంటు పోతే సేవ్ చేయని పని పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా మ్యాక్‌కు, మానిటర్‌కు కలిపి ఒక చిన్న యూపీఎస్ కూడా ఆ రోజే తెచ్చుకోండి.