రవాణా స్క్వాడ్రన్‌కు పోస్టింగ్ వస్తే దిగులెందుకు?

రాజోలు నుంచి ఒక తల్లిగారు అడిగారు: "మా అబ్బాయికి వైమానిక దళంలో రవాణా స్క్వాడ్రన్‌కు పోస్టింగ్ వచ్చింది. యుద్ధ విమానాల వైపు పంపలేదని మొహం చిన్నబుచ్చుకున్నాడు. వీటికి చెప్పుకోదగ్గ చరిత్ర ఉందా?"

ఉందమ్మా, చాలా ఉంది. నేను 44వ స్క్వాడ్రన్‌లో గ్రౌండ్ సిబ్బందిగా పనిచేసి, ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. నాకు తెలిసిన ఆ ఒక్క స్క్వాడ్రన్ సంగతే చెబుతాను.

1961లో సోవియట్ ఏఎన్-12 రవాణా విమానాలతో అది మొదలైంది. మరుసటి ఏడాదే చైనా యుద్ధం. లద్దాఖ్‌లోని చుషూల్‌ను కాపాడుకోవడానికి ట్యాంకులు కావాలి, రోడ్డు మార్గాన అవి సమయానికి చేరవు. 14,000 అడుగులకు పైన ఉన్న ఆ ఎయిర్‌స్ట్రిప్‌కు ఏఎంఎక్స్-13 ట్యాంకులను ఈ విమానాల్లోనే చేర్చారు. అంత ఎత్తులో గాలి పలచన. రెక్కలకు ఎత్తే శక్తి తగ్గుతుంది, ఇంజన్లూ నీరసిస్తాయి. అలాంటి చోట అంత బరువుతో దిగడం మాటలు కాదు. ఈ స్క్వాడ్రన్ చేసిన పనులన్నింటిలో నేను ముందు చెప్పేది ఇదే.

1971 యుద్ధంలో ఈ ఏఎన్-12లనే బాంబర్లుగా వాడారు. వెనక తలుపు తెరిచి, బాంబులను అందులోంచి జార్చేవారు. పాకిస్తాన్‌లోని ఛాంగా మాంగా అడవిలో ఉన్న ఆయుధ నిల్వల మీద దాడికి నాయకత్వం వహించిన వింగ్ కమాండర్ వశిష్ఠకు మహావీర చక్ర వచ్చింది. మీ అబ్బాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

1985లో ఐఎల్-76 అనే సోవియట్ రవాణా విమానాలు వచ్చాయి. 1988 నవంబర్ 3న మాల్దీవుల్లో తిరుగుబాటు జరిగితే, ఆ రాత్రే ఆగ్రా నుంచి పారా సైనికులతో రెండు ఐఎల్-76లు ఎక్కడా ఆగకుండా అక్కడి విమానాశ్రయం ఉన్న హుల్‌హులే దీవికి చేరాయి. విమానాశ్రయం ఎవరి చేతిలో ఉందో గాల్లో ఉన్నవాళ్లకు తెలియదు. ముందే అనుకున్న సంకేత పదం టవర్ నుంచి వినిపించాకే దిగారు.

ఇవి పేపర్లకెక్కినవి. మిగతా రోజుల్లో మా పని లద్దాఖ్‌లోని లేహ్‌కు వెళ్లే విమానాలు. చలికాలం అక్కడికి వెళ్లే దారిలోని జోజిలా కనుమ మంచుతో మూసుకుపోతే కూరగాయలు, కిరోసిన్, సెలవు మీద వచ్చిపోయే జవాన్లు అందరికీ విమానమే దారి. మధ్యాహ్నానికి అక్కడ గాలులు రేగుతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లి రావాలి. అంటే సరుకు ఎక్కించడం చీకట్లోనే. సఖినేటిపల్లి రేవులో పంటు మీదికి లారీలు ఎక్కించడం మీరు చూసే ఉంటారు; బరువంతా ఒక కొసకు చేరితే పంటు ఒరుగుతుంది. విమానానికీ అంతే, ఏ పెట్టె ఎక్కడ ఉండాలో లెక్క ఉంటుంది. గొలుసు బిగించాక చేత్తో లాగి చూడాలి, పక్కవాడు మళ్లీ లాగి చూడాలి. మంచుకు ఆ ఇనుము చేతి తొడుగుల్లోంచి కూడా కొరికేది. ఒక్క గొలుసు వదులైనా, విమానం ముక్కు పైకెత్తగానే సరుకు వెనక్కి జారుతుంది. ఆ తర్వాత పైలట్ చేయగలిగింది పెద్దగా ఉండదు.

అబ్బాయి చేరాక మొదటి నెలల్లో లోడ్‌మాస్టర్ (విమానంలో సరుకు ఎక్కింపు చూసే ఆయన) వెంట తిరగమనండి. తన ట్రేడ్ (పని విభాగం) ఏదైనా సరే, బరువు లెక్క, గొలుసులు కట్టడం నేర్చుకోమనండి. స్క్వాడ్రన్‌లో పాత ఫొటోలు, డైరీలు ఉంటాయి. సీనియర్లను అడిగితే సంతోషంగా చూపిస్తారు.