పాత స్టెబిలైజర్, యూపీఎస్‌ల నుంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్లను ప్లగ్‌లో పెట్టే ముందు ఎలా పరీక్షించాలి?

మీ దగ్గర మూడు ఉన్నాయన్నారు: స్టెబిలైజర్‌లోది, కంప్యూటర్ యూపీఎస్‌లోది, పాత ఆంప్లిఫయర్‌లోది. ఏ వైరు 230కి కలపాలి, ఎంత కరెంటు తీసుకోవచ్చు, 12 వోల్టుల పవర్ సప్లై చేయవచ్చా అని అడిగారు.

ముందు స్టెబిలైజర్‌ది పక్కన పెట్టేయండి. మన ఇళ్లలో ఫ్రిజ్‌కీ టీవీకీ వాడే స్టెబిలైజర్లలో ఉండేది సాధారణంగా ఆటో ట్రాన్స్‌ఫార్మర్. అందులో ప్రైమరీ (230 ఇచ్చే చుట్ట), సెకండరీ (తక్కువ వోల్టులు వచ్చే చుట్ట) వేరువేరుగా ఉండవు. ఒకటే చుట్ట, మధ్యలో అక్కడక్కడా ట్యాపులు, అంటే బయటికి వైర్లు, తీసి ఉంటాయి. రెండు ట్యాపుల మధ్య మీటర్‌లో 12 వోల్టులే కనిపించవచ్చు, కానీ ఆ వైరు నేరుగా ఇంటి లైనుకు కలిసే ఉంటుంది. దాంతో చేసిన సప్లైని ముట్టుకుంటే ఫేజును ముట్టుకున్నట్టే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ట్రాన్స్‌ఫార్మర్ చేతిలోకి తీసుకుంటే నేను మొదట చూసేది ఇదే. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (నిరోధం కొలిచే చోట) పెట్టి అన్ని వైర్లూ జతలుగా చూస్తాను. ప్రతి వైరూ మిగతా అన్నిటితో కలుస్తుంటే కొనను. ఎంత బరువున్నా, ఎంత చవకైనా సరే.

మిగతా రెండింటిలో ఒకదానితో ఒకటి కలవని గుంపులు కనిపించాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో సన్నటి తీగతో, పదుల నుంచి వందల ఓమ్స్ చూపించేది ప్రైమరీ. లావు తీగతో, ఒకటి రెండు ఓమ్స్ లేదా అంతకన్నా తక్కువ చూపించేది సెకండరీ. ఎర్ర వైర్లు ప్రైమరీ అని ఎవరైనా చెప్పినా రంగును నమ్మకండి, కంపెనీకో పద్ధతి ఉంటుంది. ఓమ్స్ చూసేటప్పుడు వైర్ల కొసలను వేళ్లతో పట్టుకోవద్దు. ప్రోబు తీసిన క్షణంలో చుట్టలోంచి షాక్ కొడుతుంది. ఆంప్లిఫయర్‌ది ప్రైమరీ అసలు చూపించకపోతే వెంటనే పారేయకండి, పై టేపు కింద థర్మల్ ఫ్యూజు (బాగా వేడెక్కితే తెగిపోయే ఫ్యూజు) పోయి ఉండవచ్చు. అదే రేటింగుది మళ్లీ వేయాలి, వైరుతో కలిపేసి వదలకూడదు.

కోర్‌కీ (మధ్యలోని ఇనుప రేకుల దిమ్మెకీ) చుట్టలకీ మధ్య, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య మల్టీమీటర్ కలిసినట్టు చూపించకూడదు. కానీ మీటర్‌లో ఉండేది చిన్న బ్యాటరీ, బలహీనపడిన ఇన్సులేషన్ దానికి దొరకదు. మోటార్ వైండింగ్ షాపులో 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టించండి. నేను తెలియని ట్రాన్స్‌ఫార్మర్ దేన్నీ ఇది లేకుండా వాడను.

ఇక వోల్టేజి. దీనికి 230 అవసరమే లేదు. బాగా పనిచేసే 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, దాని ఏసీ అవుట్‌పుట్‌ను కొత్తదాని ప్రైమరీ అనుకున్న చుట్టకు ఇవ్వండి. అన్నిటికన్నా ఎక్కువ ఓమ్స్ ఉన్న చుట్టకే ఇవ్వాలి. పొరపాటున సెకండరీకి ఇస్తే అవతల వందల వోల్టులు వస్తాయి. ప్రైమరీకి 12 ఇచ్చినప్పుడు సెకండరీలో 0.63 వచ్చిందనుకోండి. 12ను 0.63తో భాగిస్తే 19, 230ని 19తో భాగిస్తే 12. అంటే అది 12 వోల్టులది. ప్రైమరీలో 0, 110, 220 అని ట్యాపులుంటే కొస నుంచి కొసకే 230 ఇవ్వాలి.

దీని తర్వాతే మెయిన్స్. అదీ సిరీస్ బల్బుతో, అంటే ప్రైమరీకి వెళ్లే ఒక వైరు మధ్యలో బల్బు పెట్టి. 60 వాట్ల ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. సెకండరీ కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు వేసి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోయినా, సన్నగా ఎర్రగా ఉన్నా మంచిదే. నిండుగా వెలిగితే లోపల షార్ట్, లేదా వైరు తప్పు. బాగుంటే బల్బు తీసి, తగిన ఫ్యూజు వేసి, లోడు లేకుండా అరగంట ఉంచండి. ప్లగ్ తీసి చేయి పెట్టి చూడండి. గోరువెచ్చన వరకు ఫరవాలేదు. లోడు లేకుండానే బాగా కాలుతుంటే లోపల చుట్లు షార్ట్ అయి ఉండవచ్చు, వాడకండి.

ఎన్ని ఆంపియర్లు అన్నదానికి నేను కోర్ కొలుస్తాను. కోర్ మధ్య కాలు చుట్ట లోపల దాగి ఉంటుంది, కానీ దాని వెడల్పు మామూలుగా పక్క కాలుకు రెట్టింపు. పక్క కాలు 1.25 సెంటీమీటర్లు, స్టాంపింగుల (పేర్చిన ఇనుప రేకుల) మందం 3 సెంటీమీటర్లు అయితే మధ్య కాలు వైశాల్యం 2.5 × 3, అంటే 7.5 చదరపు సెంటీమీటర్లు. దాన్ని వర్గం చేసి నాలుగింట మూడు వంతులు తీసుకుంటే దాదాపు 40 వీఏ (వోల్టులు × ఆంపియర్లు). 12 వోల్టుల దగ్గర ఏసీ 3.3 ఆంపియర్లు. బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు), కెపాసిటర్ పెట్టాక డీసీగా 2 ఆంపియర్లకు మించి తీసుకోకండి. కెపాసిటర్ 35 వోల్టులది వేయండి, ఎందుకంటే లోడు లేనప్పుడు 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 14, 15 ఇస్తుంది, డీసీ చేస్తే 20 దాకా పోతుంది.

లోడు టెస్టుకు బైకు హెడ్‌లైట్ బల్బు చాలు. 12 వోల్టుల 35 వాట్లది దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. గంట సేపు వెలిగించి సెకండరీలో ఏసీ వోల్టేజి చూడండి, 11 కన్నా కిందికి పడితే అంత లోడు దానికి ఎక్కువ. యూపీఎస్‌దానికి ఈ పరీక్ష తప్పకుండా చేయండి. కరెంటు పోయినప్పుడు కొద్ది నిమిషాలు నడవడానికే చాలావాటిని చేస్తారు కాబట్టి, లెక్కలో వచ్చిన దాంట్లో నేను సగమే వాడతాను. మీ 12 వోల్టుల సప్లైకి మాత్రం ఆంప్లిఫయర్‌లోదే ముందు పరీక్షించండి, అది గంటల తరబడి నడవడానికి చేసింది.