ఈటన్‌లో ‘రిప్’ అంటే భయపడాల్సిందేమీ లేదు

అక్కా, ఇంగ్లండ్‌లోని ఈటన్ బోర్డింగ్ స్కూల్లో చదువుతున్న మీ బాబు ఫోన్‌లో ‘ఈ హాఫ్‌లో ఒక రిప్ వచ్చింది, డేమ్‌తో మాట్లాడాను’ అన్నాడని, స్కూల్లో ఏదో పెద్ద గొడవే జరిగిందేమోనని రాత్రంతా నిద్రపోలేదని రాశారు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

రిప్ అంటే సస్పెండ్ చేయడం కాదు. హోంవర్క్ సరిగ్గా చేయకపోతే మాస్టారు ఆ కాగితం పైఅంచు కొంచెం చింపి తిరిగిచ్చేస్తారు. చినిగిన ఆ కాగితాన్ని హౌస్‌మాస్టర్‌కు, అంటే వాడి హాస్టల్ చూసుకునే మాస్టారికి, చూపించి సంతకం పెట్టించుకోవాలి, అంతే. బాగా రాస్తే ‘షో అప్’ అంటారు. మీ వాడికి అదీ వస్తుంది, చూడండి.

డేమ్ అంటే హాస్టల్లో పిల్లల ఆరోగ్యం, బట్టలు, తిండి చూసుకునే ఆవిడ. వాడు ఆవిడ దగ్గరికి వెళ్లి మాట్లాడాడంటే మంచిదే.

హాఫ్ అంటే సగం సంవత్సరం అనుకోకండి, అది టర్మ్. ఏడాదికి మూడు ఉంటాయి. మొదటిది డిసెంబరులో ముగుస్తుంది కాబట్టి టికెట్లు ఆ లెక్కన చూసుకోండి.

ఇక టీచర్‌ను బీక్ అంటారు. హాజరు పిలవడాన్ని ‘అబ్సెన్స్’ అంటారు, అది విని పిల్లాడు క్లాసు ఎగ్గొట్టాడనుకోవద్దు. 1440లో ఆరో హెన్రీ పెట్టిన ఆ స్కూల్లో 70 మంది కింగ్స్ స్కాలర్లు, అంటే స్కాలర్‌షిప్ పిల్లలు, వేరుగా ఉంటారు. మిగతావాళ్లు ఆపిడన్లు. లాటిన్‌లో ఆపిడమ్ అంటే పట్నం, ఒకప్పుడు వాళ్లు ఊళ్లో బస చేసేవారు.

ఈసారి ఫోన్ చేస్తే రిప్ ఏ సబ్జెక్టులో వచ్చిందో మెల్లగా అడగండి.