జపాన్ ఇళ్ల కొప్పు మీది రాక్షస ముఖాలు మన దిష్టిబొమ్మల్లాంటివేనా?

మీరు రెండు విషయాలు అడిగారు. జపాన్‌లో పైకప్పుల మీద కనిపించే మట్టి రాక్షస ముఖాలు మన దిష్టిబొమ్మల్లాంటివేనా, ఒకటి తెచ్చి ఇక్కడ ఇంటికి పెట్టుకోవచ్చా అని. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఐచి ప్రాంతంలో ఉన్నాను. వీటికి పేరుపడ్డ తకహామా ఊరు మాకు లోకల్ ట్రైన్‌లో దగ్గరే. అక్కడ చూసింది, విన్నది చెబుతాను.

వీటిని ఒనిగవారా అంటారు. ఒని అంటే రాక్షసుడు, గవారా అంటే పెంకు. అసలు పని వాన నీటిని ఆపడం. కొప్పు పెంకుల వరస ముగిసే చోట సందు మిగులుతుంది, అందులోంచి నీళ్లు దిగితే లోపలి కలప కుళ్లిపోతుంది. ఆ సందును మూసే పెంకు ఇది. వీధిలోకి బాగా కనబడే చోటు కాబట్టి దాని మీద బొమ్మ చెక్కడం మొదలైంది. 7వ శతాబ్దపు గుళ్ల మీద తామరపువ్వు ఉండేది, 8వ శతాబ్దంలో మృగాలు వచ్చాయి, కొమ్ముల రాక్షసుడు ఆ తర్వాత వచ్చాడు.

అయితే రాక్షస ముఖాలు ఎక్కువగా గుళ్ల మీదే కనిపిస్తాయి. మామూలు ఇళ్ల మీద వంశ చిహ్నమో, మేఘాలో, అలలో ఉంటాయి. కొన్నిటి మీద 'నీరు' అనే అక్షరం ఒక్కటే ఉంటుంది, అగ్నిప్రమాదం జరగకూడదని. రాక్షసుణ్ణి ఎందుకు పెట్టరంటే, వాడు ఎదురింటి వాళ్లను గుడ్లురిమి చూస్తుంటాడు కదా!

ఇది జోక్ కాదు. 19వ శతాబ్దం మొదట్లో క్యోటోలో ఒక మందుల కొట్టు వాళ్లు పెద్ద ఒనిగవారా పెడితే, ఎదురింటి ఇల్లాలు జబ్బుపడిందట. కొట్టు మీది ఒని తరిమిన చెడు తమ ఇంటికి వచ్చిందని, ఎదురింటి వాళ్లు షోకి బొమ్మను చేయించి తమ చూరు మీద నిలబెట్టారట. షోకి అంటే చైనా కథల్లోంచి వచ్చిన, దయ్యాలను పట్టే గడ్డం వీరుడు. ఆమెకు నయమైందని చెప్పుకుంటారు. క్యోటో పాత వీధుల్లో తలెత్తి చూస్తే ఇప్పటికీ జానెడు షోకిలు కనిపిస్తాయి. ఎదురెదురు ఇళ్ల షోకిల చూపులు కలవకుండా కాస్త పక్కకు తిప్పి పెడతారు.

నాకు తేడా కనిపించింది ఇక్కడే. మన దిష్టిబొమ్మ, గుమ్మడికాయ వచ్చే చూపును తమ మీదికి లాక్కుంటాయి. ఒని దాన్ని తిప్పికొడతాడు, అది ఎవరింట్లో పడుతుందన్నది వాడికి పట్టదు.

చేసేవాళ్లను ఒనిషి అంటారు. నేను చూసిన వర్క్‌షాప్‌లో పెద్దాయన ముందు కాగితం మీద బొమ్మను పెద్దది చేసి గీశారు. మట్టి ఆరి కాలేసరికి దాదాపు పదో వంతు తగ్గిపోతుంది మరి. ఆ కొలతకు మట్టి పలకలు కోసి, లోపల బోలుగా అతికి, కనుబొమలు, కోరలు గరిటెలాంటి పనిముట్లతో తీర్చారు. తొందరపడి ఆరబెడితే పగుళ్లిస్తుంది. కాల్చాక బట్టీని మూసి పొగ పట్టిస్తారు, ఆ వెండి బూడిద రంగు అలా వస్తుంది, పూత కాదు. 1995 కోబే భూకంపం తర్వాత బరువైన పెంకుల ఇళ్లంటే జనానికి భయం పట్టుకుంది. ఆర్డర్లు తగ్గి, ఇప్పుడు గోడకు తగిలించే చిన్నవి కూడా చేస్తున్నారు.

మీరు కొనాల్సింది ఆ చిన్నవే. టూరిస్టు షాపుల్లో రెజిన్ నకళ్లు ఉంటాయి, వెనక్కి తిప్పి చూడండి. చేత్తో చేసినదైతే బోలు భాగంలో వేళ్ల గుర్తులు తరచూ కనిపిస్తాయి. చెక్-ఇన్ సామాన్లో వేయకుండా బట్టల్లో చుట్టి చేతి బ్యాగులో తెచ్చుకోండి. మన ఎండకు, వానకు ఏమీ కాదు. పిట్టగోడ మీద పెడితే మాత్రం సిమెంటుతో గట్టిగా బిగించండి, ముఖం ఎదురింటి గుమ్మం వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పండి. వాళ్లు నమ్మినా నమ్మకపోయినా గొడవ ఎందుకు!