టెక్ సందేహాలు: ఆపరేటర్ మూతపడితే నా నంబరు ఏమవుతుంది?

ప్రశ్న: మా ఆపరేటర్ ప్రభుత్వానికి వేల కోట్లు బకాయి పడిందని వార్తల్లో చూశాను. కంపెనీ మూతపడితే నా నంబరు పోతుందా? ఇప్పుడే వేరే నెట్‌వర్క్‌కు మారిపోవాలా?

2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు ఏజీఆర్ (రుసుముల కోసం లెక్కగట్టే ‘సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం’) తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి ఈ ప్రశ్న ఆగడం లేదు. బకాయిల వార్త వచ్చిన ప్రతి వారం నా ఉత్తరాల్లో సగం ఇవే. ఆ తగాదా అంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది: లైసెన్సు రుసుము లెక్కగట్టే ‘ఆదాయం’లో ఏమేం చేరతాయి? టెలికాం సేవల రాబడి మాత్రమేనని కంపెనీలు వాదించాయి. వడ్డీలు, అద్దెలు కూడా చేరతాయని టెలికాం శాఖ పట్టుబట్టింది. కోర్టు శాఖ మాటే ఖాయం చేసింది, 2020 సెప్టెంబర్ 1న పదేళ్ల వాయిదాలకు ఒప్పుకుంది. 1999 టెలికాం విధానంతో, స్థిర రుసుము కట్టలేక ఆదాయంలో వాటా ఇస్తామని ముందుకొచ్చింది కూడా ఈ రంగమే. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేనట్టుంది.

మీ నంబరు విషయానికి వస్తే, సకాలంలో పోర్ట్ చేసుకుంటే, అంటే అదే నంబరుతో వేరే ఆపరేటర్‌కు మారితే, పోదు. దేశమంతటా ఈ సదుపాయం 2011 జనవరి 20 నుంచి ఉంది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఒకేసారి 122 టూజీ లైసెన్సులను రద్దు చేసినప్పుడు కూడా ఆ రాత్రే ఎవరి ఫోనూ మూగబోలేదు. నాలుగు నెలల గడువు ఇచ్చారు, ఆ తర్వాత దాన్నీ పొడిగించారు. కాబట్టి ఈ రోజే పరుగెత్తనక్కర్లేదు. ప్రీపెయిడ్ బ్యాలెన్స్ మాత్రం మీతో రాదు కనుక ఏడాది ప్యాక్ వేయించుకునే ముందు ఆలోచించండి.

నా భయం కంపెనీ మూతపడుతుందని కాదు, మీరు దాన్ని వదిలేసే తీరు గురించి. పోర్ట్ చేసే ఓపిక లేక చాలామంది కొత్త సిమ్ తీసుకుంటారు, పాతదాన్ని సొరుగులో పడేస్తారు. రీచార్జి ఆగిపోయిన కొన్నాళ్లకు ఆ నంబరు రద్దవుతుంది. ఆ తర్వాత 90 రోజులు దాటితే దాన్ని మరొకరికి కేటాయించవచ్చు. 2023 నవంబర్‌లో ఈ విషయమే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పాత వాట్సాప్ ఖాతాను తొలగించుకోవడం, అందులోని సమాచారాన్ని చెరిపేయడం వినియోగదారుడి పనేనని కోర్టు అభిప్రాయపడింది. చట్టం మీ వైపు లేదన్నమాట.

ఇదే సంచికకు వచ్చిన మరో ఉత్తరం ఈ ప్రశ్నకు అవతలి ఒడ్డు. ఒక పాఠకుడు కొత్త సిమ్ వేసుకున్నాడు. ఆ రాత్రికే ఎవరిదో గ్యాస్ బుకింగ్ సందేశం వచ్చింది. మర్నాడు ఎవరి పిల్లవాడిదో స్కూల్ ఫీజు గడువు, ఆపైన వాహన రుణం వాయిదా. నాలుగో రోజున ఒక షాపింగ్ యాప్‌లో తన నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ ఇస్తే తెరిచింది ఆ పాత మనిషి ఖాతానే. చిరునామా, ఆర్డర్లు, భద్రపరిచిన కార్డు చివరి నాలుగు అంకెలు, అన్నీ ఎదుట! ఇతను మంచివాడు కనుక మూసేశాడు, నాకు రాశాడు. ఆ సిమ్ ఇంకొకరి చేతికి వచ్చి ఉంటే?

ఇది ఆ యాప్ తయారుచేసిన వారి అశ్రద్ధ. నంబరు అంటే మనిషి అన్నట్టు రాస్తారు ప్రోగ్రామ్. ఆపరేటర్ నంబరును తిరిగి కేటాయించేది మామూలు వ్యవహారమని తెలిసి కూడా, ఏడాదిగా మౌనంగా ఉన్న ఖాతాను ఒక్క ఓటీపీతో తెరుస్తారు. నంబరు వదిలేసేటట్లయితే ముందు బ్యాంకు, ఆధార్, ఈమెయిల్ ఖాతాల్లో దాన్ని మార్చుకోండి. పాత సిమ్ సంగతి ఆ తర్వాత. ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కూడా చూడండి. తెలియని నంబరు ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

ఇంకొక మాట. ఈ మూసివేత వార్తలే మోసగాళ్లకు పెట్టుబడి. ‘‘మీ కంపెనీ మూతపడుతోంది, మారడానికి సాయం చేస్తాను’’ అంటూ ఎవరైనా ఎనిమిది అక్షరాల పోర్టింగ్ కోడ్ అడిగితే ఇవ్వకండి. 1900కు సందేశం పంపేది మీరు, కోడ్ వచ్చేది మీకు, దాన్ని ఇచ్చేది మీరు ఎంచుకున్న కొత్త ఆపరేటర్‌కు. సిమ్ మార్చిన ఏడు రోజుల లోపు పోర్టింగ్ కుదరదన్న నిబంధన 2024 జూలై 1 నుంచి ఉంది. సిమ్ దొంగతనంగా మార్పించి, వెంటనే నంబరును ఎత్తుకుపోయే వారికి అడ్డం కోసమే ఇది. సిగ్నల్ హఠాత్తుగా గంటల తరబడి పోతే టవర్‌ను తిట్టుకుంటూ కూర్చోకండి, మరో ఫోను నుంచి ఆపరేటర్‌కు, బ్యాంకుకు చెప్పండి.

ప్రశ్న: పెట్టె మీద 5జీ అని ఉంది, ఫోను మాత్రం 4జీ దాటదు. ఎందుకు?

విదేశంలో కొన్నదై ఉండవచ్చు. మన దేశంలో 2022 వేలంలో రూ. 1,50,173 కోట్లకు అమ్మిన స్పెక్ట్రమ్‌లో 5జీకి ప్రధానంగా వాడుతున్నవి 700, 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు. ఫోను వివరాల్లో ఆ బ్యాండ్ల గుర్తులైన ఎన్28, ఎన్78 ఉన్నాయో లేదో చూడండి. కొన్ని నెట్‌వర్క్‌లకు స్టాండలోన్ 5జీ (4జీ ఆసరా లేకుండా నడిచేది) కూడా కావాలి. హార్డ్‌వేర్ ఉండి, తయారీదారు అప్‌డేట్ ఇవ్వక తాళం వేసి ఉంచిన ఫోన్లూ ఉన్నాయి. డబ్బు ఇచ్చి కొన్న యాంటెన్నాను వాడుకోవడానికి మళ్లీ వారి దయ కావాలా?

ప్రశ్న: ఇంట్లో పాత సీడీఎంఏ ఫోను దొరికింది. బ్యాటరీ తీసి చూస్తే సిమ్ పెట్టే చోటే లేదు. ఇప్పుడు దీన్ని వాడే మార్గం ఉందా?

లేదు. జీఎస్ఎంకు పోటీగా వచ్చిన సీడీఎంఏ నెట్‌వర్క్‌లు మన దేశంలో మూతపడ్డాయి. బ్యాటరీ కింద ఒక స్టికర్, దాని మీద సన్నటి అక్షరాల్లో సీరియల్ నంబరు ఉంటాయి. మీ కనెక్షన్‌ను ఆ నంబరుకే కట్టిపడేశారు. అప్పట్లో ఆపరేటర్ మారాలంటే ఫోనే మార్చాల్సి వచ్చేది.

ఆ ఫోను ఒక వ్యాజ్యపు బిడ్డ. 2001లో ల్యాండ్‌లైన్ కంపెనీలకు ‘పరిమిత సంచార’ సేవకు అనుమతి ఇచ్చారు, ఇలాంటి సీడీఎంఏ ఫోన్లు దానికోసమే వచ్చాయి. లోకల్ కాల్ ధర వర్తించే ఒక చిన్న ప్రాంతం దాటితే పనిచేయకూడదన్నది షరతు. ‘‘మేము భారీ రుసుము కట్టి మొబైల్ లైసెన్సు తీసుకుంటే వీళ్లు పెరటి గుమ్మంలోంచి వస్తున్నారు’’ అన్నది సిమ్‌తో నడిచే జీఎస్ఎం మొబైల్ కంపెనీల మొర. టీడీశాట్‌కు (టెలికాం తగాదాల ట్రిబ్యునల్), అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు, 2002 డిసెంబర్‌లో తిరిగి టీడీశాట్‌కు వెళ్లింది కేసు. చివరికి 2003 నవంబర్‌లో రెండు సేవలకూ ఒకే ఏకీకృత లైసెన్సు తెచ్చి ప్రభుత్వం గోడనే తీసేసింది. ప్రాంతం దాటితే ఆగవలసిన కాల్‌ను ఆపడం, దాటించడం రెండూ సాంకేతికంగా చిన్న పనే. అది ఫోను లోపం కాదు, లైసెన్సు కాగితంలో గీసిన గీత. కొన్నవారికి ఆ గీత గురించి చెప్పిన సేల్స్‌మన్‌ను నేను చూడలేదు.

బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టకండి, ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలో ఇచ్చేయండి. అంతకు ముందు ఆ ఫోను నంబరు గుర్తు తెచ్చుకుని, మీ పాత బ్యాంకు ఖాతాలో ఇప్పటికీ అదే ఉందేమో ఒకసారి చూడండి.