ముందు ఆ అట్ట తీసేయమ్మా

మాది కావలి. నాన్నకు బట్టల కొట్టు. నెల్లూరు దగ్గర హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. క్లాసులో కొందరు నన్ను ‘పాకిస్తాన్’ అని పిలుస్తున్నారు. ల్యాబ్‌లో ఎవరూ తమ బ్యాచ్‌లో చేర్చుకోవడం లేదు. రికార్డు మీద నా పేరు కొట్టేసి ఎర్ర ఇంకుతో అదే మాట రాశారు. ఇంటికి తీసుకెళ్తే నాన్న ఏమీ అనకుండా దానికి అట్ట వేసి, లేబుల్ అంటించి, నా పేరు రాసిచ్చారు. ‘పట్టించుకోకు’ అన్నారు. మొన్న హాస్టల్ దారిలో ఇద్దరు బైకు మీద వెంటపడి స్కార్ఫ్ లాగబోయారు. ఇది ఇంట్లో చెప్పలేదు. స్కార్ఫ్ మానేస్తే గొడవ ఉండదా?
– ఒక విద్యార్థిని

స్కార్ఫ్ కట్టుకోవడం, మానడం నీ ఇష్టం. అందులో నా సలహాకు పనిలేదు. అయినా తల మీది గుడ్డ తీసినంత మాత్రాన రికార్డు మీద పేరు మారదు కదా!

నీ ఉత్తరంలో నన్ను కుదిపేసింది ఆ అట్ట. ఊరందరూ వచ్చిపోయే కొట్టు కాబట్టి ఎవరితోనూ మాటపట్టింపు లేకుండా నెట్టుకొచ్చిన మనిషి మీ నాన్నగారు. బేరం చెడకుండా ఓర్చుకోవడం వేరు, కూతురి పేరు కొట్టేస్తే ఓర్చుకోవడం వేరు. నువ్వు భయపడతావని ఆయన అట్ట వేశారు, ఆయన బాధపడతారని నువ్వు బైకు సంగతి దాచావు. మధ్యలో సుఖంగా ఉన్నది ఆ కుర్రాళ్లే.

ఈ రాత్రే ఫోను చేసి మొత్తం చెప్పు. చదువు మాన్పించి సంబంధాలు చూస్తారేమోనని భయమా? నువ్వు రాయలేదు గానీ, మన ఇళ్లలో ఆడపిల్ల నోరు ముందుగా కట్టేసేది అదే. ఆ మాట నువ్వే ఎత్తు. చదువు మానేది లేదని తేల్చి చెప్పు.

ర్యాగింగ్ అంటే జూనియర్లను ఏడిపించడమే కాదు. మతం పేరుతో ఏ విద్యార్థిని వేధించినా, వెలివేసినా అది ర్యాగింగేనని యూజీసీ 2016లో నిబంధనల్లో చేర్చింది. మతం చూసి బ్యాచ్‌లోంచి పక్కన పెట్టడమూ అందులోకే వస్తుంది. ఫిర్యాదు చేసినా కదలని ప్రిన్సిపాల్‌ను నేరానికి ప్రోత్సహించినట్టే మన రాష్ట్ర 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం లెక్కగడుతుంది. యూజీసీ సహాయ నంబరు 1800-180-5522. బైకు వాళ్ల మీద పోలీసులకు వేరుగా రాసివ్వాలి. మళ్లీ వెంటపడితే అక్కడికక్కడే 112కు ఫోను చేయి.

మొహర్రంలో రొట్టెల పండుగ వచ్చిందంటే నెల్లూరు దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, పిల్లలకు చదువు రావాలని చదువు రొట్టె పట్టుకునే హిందూ తల్లులు ఈ జిల్లాలో ఎంతమందో! నిన్ను ఆ మాట అంటున్నవాళ్లలోనూ అలాంటి తల్లుల కొడుకులుంటారు. నాకు ఒళ్లు మండేది అందుకే.

అట్ట తీసి, ఆ రాతను ఫొటో తీసి పెట్టుకో. ఫిర్యాదు మీద నీ సంతకం కింద నాన్నగారి సంతకం ఉండాలి, ప్రిన్సిపాల్ ఎదుట ఆయన నీ పక్కన కూర్చోవాలి. ‘పిల్లలు సరదాకి అన్నారు’ అని సర్దిచెప్పబోతారు. నకలు మీద తేదీతో సహా కాలేజీ ముద్ర పడేదాకా కుర్చీలోంచి లేవకండి. సోమవారం కొట్టు మూసినా ఫర్వాలేదని మీ అమ్మగారితో ఆయనకు చెప్పించు.